యాదగిరి షుగర్ ఎంత?

ఫ్యాక్టరీ హెల్త్ సెంటర్‌లో నర్సులుగా చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. జీతం గురించి, షిఫ్టుల గురించి, కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుందో అడుగుతారు. తెలిసినంతవరకు చెబుతాను. వాళ్లు అడగని విషయం ఒకటుంది, అది కూడా చెప్పి పంపుతాను. ఆ గదిలోకి వచ్చే మనిషి మిమ్మల్ని నమ్మడు. అతన్ని పంపించిన సూపర్‌వైజర్ అతన్ని నమ్మడు. పైనున్న మేనేజర్ మీ ముగ్గురినీ నమ్మడు.

ఆసుపత్రిలో రోగి తన బాధను కాస్త పెంచి చెబుతాడు. ఫ్యాక్టరీలో దాచిపెడతాడు. బీపీ ఉందంటే ఎత్తు మీద పని ఇవ్వరు. షుగర్ ఉందంటే వచ్చే ఏడాది కాంట్రాక్టులో పేరు ఉంటుందో లేదో తెలియదు. పరీక్ష రోజుకి ముందు కడుపు మాడ్చుకుని వచ్చేవాళ్లను చూశాను. తమ పేరుతో పక్కవాడిని పంపినవాళ్లను కూడా చూశాను. అందుకే మొదటి కొన్నేళ్లలోనే నాకు మనుషుల మాట మీద నమ్మకం తగ్గి, మీటరులో కనిపించే అంకె మీద నమ్మకం పెరిగింది. అంకె అబద్ధం చెప్పదు అనుకునేదాన్ని. దాన్ని కూడా అనుమానించాలని నేర్పినవాడు యాదగిరి. ఇది అతని కథ.

నా గురించి రెండు ముక్కలు. మా నాన్న తెనాలి పక్క పల్లె నుంచి పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ ప్లాంటుకు ఫిట్టర్‌గా వచ్చారు. నేను రామచంద్రాపురం క్వార్టర్స్‌లో పెరిగాను. నర్సింగ్ చదివి, కొంతకాలం ఆసుపత్రుల్లో చేసి, ఆ తర్వాత సర్వీసంతా పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లోనే గడిపాను. చివరిగా పనిచేసింది జిన్నారం దగ్గర ఒక కంపెనీలో. అక్కడ విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గ్లూకోజు పొడి డబ్బాలు తయారయ్యేవి. కార్మికులు నన్ను సిస్టరమ్మా అని పిలిచేవారు.

ఇంటిల్లిపాదీ అనుమానమే

యాదగిరిది చిట్కుల్. ఒకప్పుడు సొంత పొలం దున్నిన కుటుంబం. పొలం చాలావరకు పోయాక ఫ్యాక్టరీలో చేరాడు. నేను చూసేనాటికి నలభై దాటిన మనిషి, ప్యాకింగ్ మిషన్ ఆపరేటర్. తక్కువ మాట్లాడతాడు, పని బాగా చేస్తాడు. షుగర్ బయటపడి కొన్నేళ్లయింది. ఉదయం ఒక గోళీ వేసుకునేవాడు, దానితోనే సరిపోయేది.

అంతకుముందు నెలకోసారి కార్మికులు మా గదికి వచ్చి పరీక్ష చేయించుకునేవారు. హెచ్ఆర్ మేనేజర్‌గా ప్రభాకర్‌గారు వచ్చాక ఆ పద్ధతి మారింది. మనుషులు నా గది దాకా నడిచి రావడం, కూర్చోవడం, తిరిగి వెళ్లడం ఆయనకు నచ్చలేదు. "షుగర్ పేరు చెప్పి చెట్ల కింద తిరుగుతున్నారు సిస్టర్‌గారూ. లైన్ ఆగిపోతోంది" అన్నారు. బయటి ల్యాబ్ వాళ్లను పిలిపించి, టీ విరామంలో ప్యాకింగ్ హాలు గుమ్మం పక్కనే బల్ల వేయించారు. నా దగ్గరికి వచ్చేవి రిపోర్టులు మాత్రమే.

ఆ కొత్త పద్ధతిలో వచ్చిన మొదటి రిపోర్టులోనే యాదగిరి షుగర్ రెండొందల ఎనభై. తర్వాతి నెల మూడొందలు దాటింది.

మాకు వారానికి కొన్ని రోజులు వచ్చే డాక్టర్ మూర్తిగారు ఉండేవారు. మంచివారే, కానీ తొందర ఎక్కువ. మనిషి మొహం చూసే సమయం కూడా కాగితానికే ఇచ్చేవారు. రిపోర్టు చూసి గోళీ మోతాదు పెంచారు. తర్వాతి నెల ఇంకో గోళీ కలిపారు. గడిచిన మూడు నెలల్లో షుగర్ సగటున ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష ఒకటుంది. "అది రాద్దామా సార్?" అని నేను అడిగాను. "మూడొందలు కనిపిస్తుంటే ఇంక దానికెందుకమ్మా? ఏం తింటున్నాడో కనుక్కో" అన్నారు.

కనుక్కున్నాను. నిజానికి నిలదీశాను.

"పొద్దున రొట్టె, పగటీలి ఇంత బువ్వ, రాత్రి మల్ల రొట్టె. మీఠా ముట్టి ఎన్ని రోజులాయెనో" అన్నాడు యాదగిరి.

"మరి ఇంత ఎందుకొస్తోంది?"

"నాకేం ఎర్క సిస్టరమ్మా? గా ల్యాబోళ్లనే అడుగుండ్రి."

నేను నమ్మలేదు. దొంగచాటుగా తింటున్నాడనే అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత అతని భార్య సత్తెమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించుకుంది. గట్టి మనిషి. వస్తూనే మొదలుపెట్టింది.

"అమ్మా, మా ఇంట్ల చక్కెర డబ్బనే లేకుండ చేసిన. చాయ్ గూడ చప్పగనే పోస్తున్న. మరి ఈయన బయట ఏం తింటుండు? మీ క్యాంటీన్ల ఏం పెడుతున్రు? జెర మీరే కనిపెట్టుండ్రి."

రోజూ అతను రాగానే అంగీ జేబులు వెతుకుతున్నానని చెప్పింది. ఆ వారంలోనే యాదగిరి వచ్చి, గొంతు తగ్గించి, "నాకు తెల్వకుండ మా ఇంటామె చాయ్‌ల చక్కెర ఏస్తుందేమో. మీరొకసారి అడుగుండ్రి" అన్నాడు. ఒకే కప్పు గురించి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకరి మీద ఒకరు నాకు ఫిర్యాదు చేశారు. అప్పుడు నవ్వొచ్చింది. కానీ ఆ ఇంట్లో ఇద్దరూ నిజమే చెబుతున్నారేమోనన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

నా అనుమానం తర్వాత ల్యాబ్ వాళ్ల మీదికి పోయింది. బల్ల దగ్గర కూర్చుని నోటికొచ్చిన అంకె వేస్తున్నారేమో అనుకున్నాను. ఒక నెల వెళ్లి వెనకాలే నిలబడ్డాను. స్పిరిట్ దూదితో వేలు తుడిచారు, కొత్త సూదితో గుచ్చారు, స్ట్రిప్ మీద చుక్క పెట్టారు, వచ్చిన అంకె వచ్చినట్టే రాశారు. ఏ తప్పూ పట్టుకోలేక తిరిగి వచ్చాను.

రెండు వేళ్లు

ఆ తర్వాత కొద్ది రోజులకే, భోజన విరామానికి కాస్త ముందు, సూపర్‌వైజర్ నర్సింలు, ఒక సెక్యూరిటీ గార్డు కలిసి యాదగిరిని రెక్కలు పట్టుకుని నా గదికి తెచ్చారు.

"తాగి డ్యూటీకి వచ్చిండు సిస్టరమ్మా. మిషన్ల చెయ్యి పెట్టబోయిండు. నేను గుంజకపోతే వేళ్లు పోతుండె" అన్నాడు నర్సింలు.

యాదగిరి చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. కాళ్లు నిలవడం లేదు. ఏదో అంటున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టలేదు. మంచం మీద పడుకోమంటే చెయ్యి విసిరాడు. ఎవరు చూసినా తాగాడనే అంటారు. దగ్గరికి వంగి వాసన చూశాను. కల్లు వాసన లేదు, సారా వాసన లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

షుగర్ పడిపోయిన మనిషి అచ్చం ఇలాగే ఉంటాడు. స్పిరిట్ దూదితో కుడిచేతి వేలు తుడిచి గుచ్చాను. మీటరులో మూడొందల పది.

మూడొందల పది ఉన్నవాడికి గ్లూకోజు పట్టకూడదు. కానీ ఎదురుగా ఉన్న ఒళ్లు ఆ అంకెను ఒప్పుకోవడం లేదు. రెండోసారి చూద్దామని దగ్గరగా ఉన్న ఎడమచేతి వేలు గుచ్చాను. నూట డెబ్బై.

ఒక మనిషి ఒంట్లో ఒకే నిమిషంలో రెండు షుగర్లు ఉండవు. తేడా రక్తంలో లేదు, వేళ్ల మీద ఉంది. అప్పుడు ఆ వేళ్ల వైపు చూశాను. గోళ్ల అంచుల్లో, వేలి గీతల్లో సన్నగా తెల్లటి పొడి.

"నర్సింలూ, పట్టుకో. చేతులు కడగాలి."

ఇద్దరూ అతన్ని సింకు దగ్గరికి నడిపించారు. సబ్బు పెట్టి, వేలు వేలు రుద్ది, నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో ఆరేలా తుడిచాను. మళ్లీ గుచ్చాను.

నలభై ఎనిమిది.

మింగగలిగే స్పృహ ఇంకా ఉంది. గ్లూకోజు నీళ్లు కలిపి గ్లాసు పెదాలకు ఆనించి కొంచెం కొంచెంగా తాగించాను. పావుగంటకు మళ్లీ చూసి, మరి కాస్త ఇచ్చాను. మెల్లగా కళ్లు నిలిచాయి. చుట్టూ చూసి, "నేనీడికెట్ల వచ్చిన?" అన్నాడు. తర్వాత నర్సింలును చూసి, "లైన్ ఆగిందా?" అని అడిగాడు. నర్సింలు బయటికి వెళ్లిపోయాడు. అప్పటికే అతను పై ఆఫీసుకు ఫోన్‌లో తాగుడు సంగతి చెప్పేశాడు.

యాదగిరికి టిఫిన్ డబ్బా తెప్పించి తినిపించాను. డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. "ఆ రెండో గోళీ వెంటనే ఆపించు. నేను వస్తున్నాను" అన్నారు.

మేనేజర్ వేలు

ఆ సాయంత్రమే యాదగిరికి నోటీసు సిద్ధమైంది. తాగి విధులకు హాజరైనందుకు సస్పెన్షన్. నేను ప్రభాకర్‌గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోమన్నారు కానీ మొహంలో మర్యాద తప్ప ఇంకేమీ లేదు.

"ముందు మూడొందల పది అన్నారు. తర్వాత నలభై ఎనిమిది అంటున్నారు. అంతలోనే మనిషి షుగర్ అంత పడిపోతుందా సిస్టర్‌గారూ?"

"పడదు సార్. మొదటిది తప్పు."

"రెండోదే తప్పెందుకు కాకూడదు?"

"గ్లూకోజు ఇవ్వగానే లేచి కూర్చున్నాడు సార్."

"మజ్జిగ ఇచ్చినా మత్తు దిగి కూర్చునేవాడేమో. మీరంటే వాళ్లకు అభిమానం. మీకూ వాళ్లంటే జాలి. నన్నేం చేయమంటారు?"

ఆయన మాట నాకు కోపం తెప్పించింది. కానీ రెండో అంకెను ఎందుకు నమ్మాలన్న ప్రశ్న సరైనదే. నా మాట మీద నమ్మమనడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు, ఆ గదిలో నా మాటకు విలువ లేదు.

"హాలు దగ్గరికి రండి సార్. ముందు నా వేలు గుచ్చి చూపిస్తాను" అన్నాను.

"మీది వద్దు. మీ చేతిలో మీరేం పెట్టుకొస్తారో నాకేం తెలుసు? నాది గుచ్చండి" అని లేచారు.

ఇద్దరం హాలుకు వెళ్లాం. సెక్షన్‌లో ఆపరేటర్లు తొడుక్కునే కోటు, గ్లోవ్స్ ఆయనా తొడుక్కున్నారు. కాసేపు మిషన్ పక్కన నిలబడి, నేను చెప్పినట్టు ప్యాకెట్లు సర్ది, టీ విరామంలో కార్మికులు చేసినట్టే గ్లోవ్స్ లాగేసి బయటికొచ్చారు. గ్లోవ్ మీదా కోటు చేతుల మీదా ఉన్న పొడి, తీసేటప్పుడు వేళ్లకు అంటుకుంటుంది. కంటికి పెద్దగా కనిపించదు. ల్యాబ్ వాళ్ల బల్ల వేసింది సరిగ్గా అక్కడే, హాలు గుమ్మానికీ కుళాయిలకూ మధ్యలో. ఇంతకుముందు నా గదికి వచ్చేవాళ్లు ఆ కుళాయిల దగ్గర చేతులు కడుక్కునే వచ్చేవారు. స్పిరిట్ దూది క్రిములకు పనికొస్తుంది కానీ, అంటుకున్న గ్లూకోజును పూర్తిగా వదిలించదు.

దూదితో తుడిచి ఆయన వేలు గుచ్చాను. నాలుగొందల పన్నెండు.

ప్రభాకర్‌గారు బల్ల పట్టుకున్నారు. "మా అమ్మకు షుగర్ ఉండేదండీ" అన్నారు చిన్న గొంతుతో. "కాళ్లు... చివర్లో కాలు తీసేశారు."

"ముందు చేతులు కడుక్కోండి సార్."

కడుక్కున్నారు. ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లే సర్జన్ కూడా అంతసేపు కడగడు. ఆరిన వేలు గుచ్చితే తొంభై ఏడు. ఆయన నమ్మలేదు. ఇంకో మీటరు తెప్పించారు. దానిలోనూ అటూ ఇటూ అంతే వచ్చింది. కుర్చీలో కూర్చుని చాలాసేపు తన వేళ్లనే చూసుకున్నారు.

నోటీసు బయటికి రాలేదు. తప్పు ఎవరిదని మాత్రం ఎక్కడా ఒప్పుకోలేదు. 'అనారోగ్యం' అని రాసి మూసేశారు. బల్ల మర్నాటికి కుళాయిల అవతలికి జరిగింది, దాని మీద ఒక సబ్బు కూడా వచ్చింది. మిమ్మల్ని ఇలాంటి చోట నియమిస్తే, పెద్దవాళ్లు క్షమాపణ చెబుతారని ఎదురుచూడకండి. బల్ల జరిగిందా లేదా చూసుకోండి.

ఆ సెక్షన్ మొత్తానికి చేతులు కడిగించి మళ్లీ పరీక్షలు చేశాం. షుగర్ ఉందని భయపెట్టిన కొందరికి అసలు లేదు. ప్యాకెట్లు అంటించే మిషన్ దగ్గర పనిచేసే ఒకామెకు మాత్రం చేతులు కడిగాక కూడా రెండొందల యాభై దాటింది. పొడి కథ వినగానే, "ఇగ నాదీ ఉత్తదే గద" అని సంబరపడిన మనిషి ఆమె. ఆమెను కూర్చోబెట్టి నీది ఉత్తది కాదని చెప్పడం ఆ రోజు నేను చేసిన పనులన్నిటికన్నా కష్టమైంది.

ఇగ నమ్మ

యాదగిరికి డాక్టర్‌గారు పాత గోళీ ఒక్కటే ఉంచారు. మూడు నెలల సగటు పరీక్ష రాశారు. యాదగిరి సరేనని తలూపి వెళ్లిపోయాడు. పరీక్ష చేయించుకోలేదు. గోళీ కూడా ఆపేశాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నెలవారీ పరీక్ష రోజున సెలవు పెట్టేవాడు. నేను హాలు వైపు వెళితే మిషన్ వెనక్కి తప్పుకునేవాడు.

కొన్ని నెలలు గడిచాక, "మీ వాడు కుంటుతుండు" అని నర్సింలే వచ్చి చెప్పాడు. తాగాడని చెప్పిన రోజు నుంచి యాదగిరిని అతను ఒక కంట కనిపెడుతూనే ఉండేవాడు. పిలిపించి సేఫ్టీ బూటు విప్పించాను. మడమ మీద బూటు ఒరిపిడికి పుండు పడి, చుట్టూ ఎర్రగా ఉబ్బింది. నొప్పి పెద్దగా లేదన్నాడు. షుగర్ ముదిరితే కాళ్లకు నొప్పి తెలియదు, నాకు భయం వేసింది అందుకే.

"చెయ్యి కడుక్కో యాదగిరీ. షుగర్ చూద్దాం."

"వద్దు."

"ఎందుకు?"

"మీ మిషన్ మూడొందలన్నది. మీరు గోళీలు పెంచిన్రు. నేను సావబోయిన. మల్ల మీరే వచ్చి అదంత పొడి అన్నరు. ఇగ ఇప్పుడేం చెప్తరు? నేను నమ్మ సిస్టరమ్మా. నాకు షుగరే లేదు. ఎన్నడు లేకుండె కావొచ్చు."

పుండు కడిగి కట్టు కట్టాను. డాక్టర్‌గారికి చూపిస్తే పుండుకు మందు రాసి, షుగర్ తెలియకుండా ముందుకు పోలేమన్నారు. అయినా యాదగిరి వినలేదు. అతని మీద కోప్పడలేకపోయాను. మోసపోయిన మనిషి జాగ్రత్తపడుతున్నాడు, అంతే. అతని స్థానంలో ఉంటే నేను కూడా అదే చేసేదాన్ని.

ఆదివారం పొద్దున్నే చిట్కుల్ వెళ్లాను. ఫ్యాక్టరీ మీటరు తీసుకెళ్లలేదు. యాదగిరి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. "నన్ను నమ్మొద్దు. ఇస్నాపూర్ పోయి నీకు నచ్చిన మెడికల్ షాపులో నువ్వే ఒక మీటరు కొను. స్ట్రిప్‌ల డబ్బా సీలు నువ్వే విప్పు. నేను దూరంగా కూర్చుంటాను" అన్నాను. నా మొహం చూసి, బండి తీశాడు.

తిరిగి వచ్చాక సీలు అటూ ఇటూ తిప్పి చూసి విప్పాడు. ముందు తనది కాదు, సత్తెమ్మది చూడాలన్నాడు. వాకిట్లో కుళాయి దగ్గర ఆమె బట్టల సబ్బుతోనే చేతులు రుద్దుకుని వచ్చింది. ఎలా గుచ్చాలో నేను మాటల్లో చెప్పాను, గుచ్చింది యాదగిరే. నూట నాలుగు.

"నాకేం లేదు. ఇగ నువ్వు పెట్టు" అంది సత్తెమ్మ.

అతను చేతులు కడుక్కున్నాడు. వేళ్లు వాసన చూసుకున్నాడు. ఉతికిన తువ్వాలు అడిగి తీసుకుని తుడుచుకున్నాడు. గుచ్చుకుని చుక్క పెట్టి, మీటరును అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. మూడొందల ఇరవై ఆరు.

లేచి మళ్లీ కుళాయి దగ్గరికి పోయి ఇంకోసారి కడుక్కున్నాడు, ఈసారి మోచేతుల దాకా. వచ్చి రెండో చేతి వేలు గుచ్చుకున్నాడు. మూడొందల పద్దెనిమిది.

"ఆదివారం. హాల్లకు పోలే" అన్నాడు తనలో తానే. తర్వాత నా వైపు చూశాడు. "అయితే ఇది నాదేనా సిస్టరమ్మా?"

"నీదే."

వంగి మడమ మీద కట్టు సర్దుకున్నాడు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. కొంతకాలం ఇన్సులిన్ కూడా తీసుకోవాల్సి వచ్చింది. కాలు మాత్రం దక్కింది. ఇప్పటికీ అదే ఫ్యాక్టరీలో, అదే మిషన్ మీద పనిచేస్తున్నాడు.

ఆ ఉదయం మాత్రం, "రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి పోదాం, మోతాదు ఆయనే చెప్పాలి. పాత గోళీ అయినా ఇవ్వాళే మొదలుపెట్టు. మిగిలినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"లేవు. అప్పుడే పారేయమన్న" అన్నాడు యాదగిరి.

సత్తెమ్మ లోపలికి వెళ్లింది. కందిపప్పు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. పప్పు దులుపుకుంటూ రెండు గోళీల షీట్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

అతను వాటినీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "పారేసిన అని చెప్తివి గద?"

"చెప్పిన" అంది సత్తెమ్మ. "నిన్ను నమ్మి పారేస్తనా?"

యాదగిరి నీళ్ల చెంబు అందుకున్నాడు. నేను షీటు తీసుకుని వెనక్కి తిప్పి, గడువు తేదీ చూసి, అప్పుడు అతని చేతికిచ్చాను.